మంచు రాని సీమలో మంచుయుగాలు

మా సీమలో మంచు అన్న మాటకు ధనుర్మాసంలో తెల్లవారుజామున చేలమీద పరుచుకునే పలచని తెర అన్న అర్థం తప్ప మరొకటి లేదు. ఆ తెర కూడా పొద్దు బారెడెక్కేసరికి కనపడకుండా పోతుంది. శనగచేనుకు అది మేలు చేస్తుందని పెద్దలంటారు. మిగతా పదకొండు నెలలూ మాకు తెలిసిన సంగతులు మూడే: ఎండ, గాలి, వానకోసం ఎదురుచూపు. ఇట్లాంటి నేలమీద పుట్టి పెరిగినవాడు మంచుయుగాల గురించి రాయబూనడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. మంచుయుగమంటే ఐరోపా, అమెరికా, మహా అయితే హిమాలయం. బొచ్చు ఏనుగులు, గుహల్లో చలి కాచుకునే ఆదిమానవులు. పరీక్షలో పది మార్కుల ప్రశ్న. అంతే గదా అని మనలో చాలామంది అనుకోవడం కద్దు. కానీ కర్నూలు, కడప సీమల్లో గుట్టల్లోనూ గుహల్లోనూ వంకల ఒడ్డునా ఆ యుగాల జమాఖర్చు పుస్తకాలు తెరిచి ఉన్నాయనీ, వాటిని చదవడం మనకు కేవలం చదువు కోసం కాదనీ మనవి చేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మాటలు స్పష్టం చేసుకుందాం. భూమిమీద ఎక్కడైనా, ముఖ్యంగా ధ్రువాల దగ్గర, ఏడాది పొడుగునా కరగని పెద్ద పెద్ద మంచుపలకలు నిలిచి ఉండే కాలాన్నే శాస్త్రజ్ఞులు మంచుయుగం అంటారు. ఆ లెక్కన మనం ఇప్పుడు కూడా మంచుయుగంలోనే ఉన్నాం! మే నెలలో నంద్యాల బస్టాండులో నిలబడినవాడికి ఈ మాట చెబితే నవ్విపోతాడు. కానైతే దక్షిణ ధ్రువంమీద సుమారు 3.4 కోట్ల ఏళ్ళుగా మంచు ఉంది. ఉత్తరాన పెద్ద మంచుపలకలు సుమారు 26 లక్షల ఏళ్ళ కిందటినుంచి పెరుగుతూ తరుగుతూ ఉన్నాయి. ఆ పెరిగే కాలాన్ని హిమదశ అనీ, తరిగే కాలాన్ని అంతర్హిమదశ అనీ అందాం. సుమారు 11,700 ఏళ్ళుగా మనం ఒక అంతర్హిమదశలో కాపురముంటున్నాం. వ్యవసాయమూ, ఊళ్ళూ, లిపీ, రాజ్యాలూ, మన కళాశాలా, అన్నీ ఈ సందులో పుట్టినవే.

పోతే, ఇట్లాంటి మహా మంచుయుగాలు భూమికి ఎన్నిసార్లు వచ్చాయి? తెలిసినంతలో పెద్దవి ఐదు. మొదటిది సుమారు 240 కోట్ల ఏళ్ళనుంచి 210 కోట్ల ఏళ్ళ కిందటి మధ్యకాలంలో వచ్చింది. రెండవది 72 కోట్లనుంచి 63.5 కోట్ల ఏళ్ళ కిందట రెండు విడతలుగా వచ్చింది; అప్పుడు భూమధ్యరేఖ దాకా మంచు కమ్మి భూగోళమే ఒక మంచుముద్ద అయిందని పలువురి నమ్మకం. మూడవది 44.5 కోట్ల ఏళ్ళనాటిది, కొంచెం చిన్నది. నాలుగవది 36 కోట్లనుంచి 26 కోట్ల ఏళ్ళ కిందటి దాకా సాగింది. ఐదవది ఇప్పుడు మనమున్నది. ఈ అంకెల మధ్య ఎడం చూడండి. ఒకచోట వంద కోట్ల ఏళ్ళకు పైగా, మరొకచోట ఇరవై కోట్ల ఏళ్ళలోపే. అరవై ఏళ్ళకొకసారి ప్రభవ వచ్చినట్టు వరుసగా వచ్చే లెక్క ఇందులో లేదు. భూమి వయసు మొత్తంలో మంచున్న కాలంకంటే లేని కాలమే ఎక్కువ.

ఇక్కడ మా కడప రాళ్ళకు ఒక ప్రత్యేకత ఉంది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలలమీద పెద్ద గ్రంథం ప్రచురించినప్పటినుంచి 'కడప' అన్న పేరు ప్రపంచ భూగర్భశాస్త్రంలో స్థిరపడింది. వేంపల్లె పేరుమీదనే ఒక శిలాసముదాయం ఉంది. అందులోని రాళ్ళలో ఉల్లిగడ్డ కోసినట్టు వలయాలు వలయాలుగా గుర్తులు కనిపిస్తాయి. అవి లోతులేని సముద్రంలో పాచిలాంటి సూక్ష్మజీవులు పొరమీద పొరగా పెరిగిన ఆనవాళ్ళు. స్ట్రొమటోలైట్లు అంటారు వాటిని. వేంపల్లె రాళ్ళకు పైవరుసలో ఉన్న రాళ్ళమధ్య పులివెందుల దగ్గర ఒక అగ్నిశిల దూరి గడ్డకట్టింది. దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్ళని 2008లో తేల్చారు. దూరినదాని వయసే అంతైతే, దూర్చుకున్న రాయి అంతకన్నా పాతదే గదా! అంటే మా కడప సముద్రం మొదటి మంచుయుగం వెళ్ళిపోయాక, రెండవది రావడానికి ఎంతో ముందు అలలు వేసింది. భూమి చరిత్రలో మంచు జాడ దొరకని ఆ అతిదీర్ఘ విరామంలో పుట్టిన రాళ్ళవి. మంచు ఎరగని నేల అని మనం సరదాకి అంటాం గానీ, రాళ్ళు కూడా అదే సాక్ష్యం చెబుతున్నాయి.

మన తెలుగు నేలమీద అసలైన మంచు ఆనవాలు చూడాలంటే గోదావరి లోయకు పోవాలి. బొగ్గు గనులున్న ఆ లోయలో, బొగ్గుపొరలకు అడుగున తాల్చేరు శిలలని ఒక వరుస ఉంది. మెత్తని మట్టిరాయిలో చిన్నా పెద్దా గుండ్లు కలగాపులగంగా ఇరుక్కుని ఉంటాయి. నీరు రాళ్ళను జల్లెడపట్టి పెద్దవి ఒకచోట, ఇసుక ఒకచోట వదులుతుంది. మంచుకు ఆ విచక్షణ లేదు, అన్నిటినీ ఒక్కపెట్టున ఈడ్చుకొచ్చి పారేస్తుంది. 1856లోనే ఒరిస్సాలోని తాల్చేరు దగ్గర ఇట్లాంటి రాళ్ళను చూసిన బ్లాన్‌ఫర్డ్ సోదరులు ఇది మంచు పనే అన్నారు. ఎండలు మండే దేశంలో మంచేమిటని అప్పట్లో ఎవరికైనా అనుమానం రాకమానదు. తర్వాత తెలిసిందేమంటే, దాదాపు 30 కోట్ల ఏళ్ళ కిందట మన దేశం ఇక్కడ లేదు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా అనే మహాఖండంగా దక్షిణ ధ్రువానికి దగ్గరలో ఉంది. మంచు మన దగ్గరకు రాలేదు, మనమే మంచు దగ్గర ఉన్నాం.

ఈ మహాయుగాలకు కారణాల్లో మొదటిది ఇదే: ఖండాలు ఎక్కడ ఉన్నాయన్నది. ధ్రువాల దగ్గర నేల ఉంటే మంచు నిలవడానికి పీట వేసినట్టు. రెండవది గాలిలోని బొగ్గుపులుసు వాయువు, అంటే మన ప్రయోగశాల భాషలో కార్బన్ డయాక్సైడ్. అగ్నిపర్వతాలు దాన్ని గాలిలోకి వదులుతాయి. వాననీళ్ళలో అది కరిగి కొండరాళ్ళను తిని, చివరకు సముద్రం అడుగున సున్నపురాయిగా కూర్చుంటుంది. పర్వతాలు పెరిగి రాళ్ళ అరుగుదల ఎక్కువైతే ఆ వాయువు తగ్గుతుంది, భూమి కప్పుకున్న దుప్పటి పలచబడుతుంది. బేతంచెర్ల నాపరాయి, కడప బండ పరిచిన ఇంట్లో కూర్చున్నవాడు ఒకనాటి గాలిమీద కూర్చున్నాడని నేనంటే మా స్నేహితులు నవ్వుతారు గానీ, అది అక్షరాలా నిజం. మూడవ కారణం జీవులే. మొదటి మంచుయుగానికి ముందు పాచిలాంటి సూక్ష్మజీవులు వదిలిన ప్రాణవాయువు అప్పటి గాలిలోని మీథేనును హరించి చలి తెచ్చిందని ఒక బలమైన అభిప్రాయం. అప్పటి జీవుల వారసులే వేంపల్లె రాళ్ళలో వలయాలు గీసిపోయాయి.

ఇదంతా కోట్ల ఏళ్ళ లెక్క. ఇప్పటి మంచుయుగంలోపల హిమదశలు రావడం పోవడం వేరే లెక్క. ఈ 26 లక్షల ఏళ్ళలో సుమారు యాభై సార్లు మంచు ముందుకొచ్చి వెనక్కు తగ్గింది. మొదట్లో ఒక్కో చక్రం 41 వేల ఏళ్ళు పట్టేది. పది లక్షల ఏళ్ళ కిందటి ప్రాంతంలో ఏదో మారి, అప్పటినుంచి సుమారు లక్ష ఏళ్ళకొక చక్రమైంది. గడియారం అట్లా ఎందుకు మారిందో శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. చివరి హిమదశ సుమారు 21 వేల ఏళ్ళ కిందట శిఖరాన్ని అందుకుంది. అప్పుడు కెనడామీద మూడు కిలోమీటర్ల మందాన మంచు. అంత నీరు నేలమీద గడ్డకట్టినందువల్ల సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లకు పైగా కిందికి పోయింది.

ఈ చక్రాలకు కారణం వెదికినవాళ్ళలో ఇద్దరిని తలచుకోకుండా ముందుకు పోలేను. ఒకరు స్కాట్లాండుకు చెందిన జేమ్స్ క్రోల్. పేదింటి బిడ్డ, పెద్ద చదువులు చదవలేదు. 1859లో గ్లాస్గోలోని ఒక విద్యాసంస్థలో కాపలా పనికి కుదిరి, అక్కడి గ్రంథాలయంలో కూర్చుని చదివి, భూమి కక్ష్య మార్పులకూ మంచుయుగాలకూ లంకె ఉందని 1864లో రాశాడు. రెండవవారు సెర్బియా గణితజ్ఞుడు మిలుటిన్ మిలాంకోవిచ్. మొదటి ప్రపంచయుద్ధంలో నిర్బంధంలో ఉండికూడా లెక్కలు మానని మనిషి. ఇప్పటిలా కంప్యూటర్లు లేని రోజుల్లో దశాబ్దాలపాటు చేత్తో లెక్కలు కట్టి 1941లో తన మహాగ్రంథం వెలువరించాడు.

ఆయన లెక్క మూడు కదలికలమీద నడుస్తుంది. ఒకటి, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి ఒకప్పుడు దాదాపు గుండ్రంగానూ, ఒకప్పుడు కొంచెం కోలగానూ మారుతుంది; దీనికి సుమారు లక్ష ఏళ్ళు, నాలుగు లక్షల ఏళ్ళు. రెండు, భూమి ఇరుసు వంపు 22.1 డిగ్రీలనుంచి 24.5 డిగ్రీల మధ్య ఊగుతుంది; దీనికి 41 వేల ఏళ్ళు. ఇప్పుడది సుమారు 23.4 దగ్గర ఉండి మెల్లగా తగ్గుతోంది. మూడు, తిరుగుతూ వడి తగ్గిన బొంగరం తలాడించినట్టు భూమి ఇరుసు 26 వేల ఏళ్ళకొకసారి గుండ్రంగా తలాడిస్తుంది.

ఈ మూడవది మన రైతులకు తెలియని సంగతేమీ కాదు, పేరే తెలియదు. సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలమంటాం. కానీ సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మన పండుగ జనవరి 14న. ఈ మూడు వారాల పైచిలుకు తేడా ఎక్కడిది? మన పంచాంగం నక్షత్రాలను పట్టుకుని నడుస్తుంది, రుతువులు భూమి వంపును పట్టుకుని నడుస్తాయి. ఇరుసు తలాడిస్తున్నందువల్ల రెండింటికీ సుమారు 71 ఏళ్ళకొక రోజు ఎడం పడుతుంది. దాదాపు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకేనాడు వచ్చేవి. మన కార్తెలు కూడా నక్షత్రాల లెక్కే. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర వస్తుంది, గొర్రు కట్టాలి అని మనం ఎదురుచూస్తాం. ఇదే లెక్క సాగితే మరో 13 వేల ఏళ్ళకు మృగశిర కార్తె డిసెంబరులో వస్తుంది! మిలాంకోవిచ్ లెక్కలోని ఒక చక్రాన్ని మన తాతలు పంచాంగంలో కట్టుకుని తిరిగారు.

అయితే సూర్యుడినుంచి భూమికి మొత్తంమీద అందే వేడి ఈ కదలికలవల్ల పెద్దగా మారదు. మారేది పంపకం: ఏ రుతువులో, ఏ అక్షాంశంలో ఎంత అన్నది. చలికాలం గడ్డుగా ఉంటే మంచుయుగం వస్తుందని క్రోల్ అనుకున్నాడు. అసలు కీలకం వేసవిలో ఉందని మిలాంకోవిచ్ తేల్చాడు. దీన్ని మన భాషలో అప్పు లెక్కగా చెప్పుకోవచ్చు. ఉత్తర దేశాల్లో చలికాలంలో మంచు ఎట్లాగూ పడుతుంది. అది ఏటేటా చేసే అప్పు. వేసవిలో అంతా కరిగితే అప్పు తీరినట్టు. వేసవులు చల్లబడి కొంత మిగిలిపోతే, ఆ బాకీమీద మరుసటి ఏడు మళ్ళీ పడుతుంది. తెల్లని మంచు ఎండను తిప్పికొడుతుంది గనుక చలి ఇంకా పెరుగుతుంది, అది వడ్డీ. చల్లని సముద్రం బొగ్గుపులుసు వాయువును ఎక్కువగా మింగుతుంది, అది చక్రవడ్డీ. అసలు తీరని అప్పు ఏమవుతుందో మా ఊళ్ళో ఎవరికీ వివరించనక్కరలేదు.

1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అనే ముగ్గురు సముద్రగర్భంనుంచి తీసిన మట్టిలో ఈ లక్ష, 41 వేలు, 23 వేల ఏళ్ళ చక్రాలను చూపించి మిలాంకోవిచ్ లెక్కకు రుజువు తెచ్చారు. అప్పటికి ఆయన చనిపోయి పద్దెనిమిదేళ్ళు. 2004లో అంటార్కిటికాలో మూడు కిలోమీటర్ల లోతునుంచి తీసిన మంచుకడ్డీ వివరాలు వెలువడ్డాయి. అందులో ఎనిమిది చక్రాల చరిత్ర ఉంది. ఆ మంచులో చిక్కుకున్న గాలిబుడగలు చెప్పే లెక్క ఇది: హిమదశల్లో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్ళలో సుమారు 180, వెచ్చని కాలాల్లో సుమారు 280. ఎనిమిది లక్షల ఏళ్ళలో 300కు అటూ ఇటూ తప్ప దాటింది లేదు.

మంచు మనదాకా రాలేదు గదా, మరి మన సీమకు ఆ హిమదశల్లో ఏమైంది? వచ్చింది మంచు కాదు, కరువు. రుతుపవనం అనేది నేల వేడెక్కి సముద్రపు తేమగాలిని లాగుకోవడం. నేల చల్లబడి, సముద్రం చల్లబడి, గాలిలో తేమ తగ్గితే ఆ లాగుడు బలహీనమౌతుంది. అందుకే హిమదశల్లో నైరుతి సన్నగిల్లింది. సుమారు పదివేల ఏళ్ళ కిందట భూమి వేసవిలోనే సూర్యుడికి దగ్గరగా ఉండేది గనుక రుతుపవనాలు ఇప్పటికంటే బలంగా వీచాయి. సహారా ఎడారిలో కూడా గడ్డి మొలిచి చెరువులు నిండాయి. ఇప్పుడు మనం సూర్యుడికి దగ్గరగా ఉండేది జనవరిలో. ఈ సంగతులకు మన కర్నూలు గుహలు కూడా సాక్ష్యం పలుకుతున్నాయి. గుహలో పైనుంచి కారే నీటిచుక్క సున్నాన్ని పొరపొరగా పేరుస్తుంది, ఏటి వానను బట్టి ఆ పొర తత్వం మారుతుంది. కర్నూలు సీమలోని వాల్మీకి గుహలో దొరికిన అట్లాంటి ఒక రాతిమొలకను పరిశీలించి, హిమదశ సడలుతున్న రోజుల్లో, అంటే సుమారు 15 వేల ఏళ్ళ కిందట, ఒక వెయ్యేళ్ళపాటు వానలు ఎట్లా హెచ్చి తగ్గాయో 2014లో ప్రకటించారు.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల కథ ఇంకా ఆసక్తికరం. 1844లో న్యూబోల్డ్ వాటిని లోకానికి తెలిపాడు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు అక్కడ తవ్వకాలు జరిపి ఎన్నో జంతువుల ఎముకలు బయటికి తీశారు. అందులో ఇప్పుడు మన ప్రాంతంలో కనపడని ఖడ్గమృగం కూడా ఉంది. వందేళ్ళు దాటాక మళ్ళీ అక్కడ శాస్త్రీయంగా తవ్వి, పొరల వయసులు కట్టి 2014లో ఫలితం వెల్లడించారు: గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్ళుగా, కొన్ని రెండు లక్షల ఏళ్ళుగా ఈ ఉపఖండంలో అంతరించకుండా నిలిచాయి. ఐరోపాలో, అమెరికాలో పెద్ద జంతువులు మూకుమ్మడిగా పోయిన కాలంలో ఇక్కడివి నిలదొక్కుకున్నాయి. ఎట్లా? ఒకచోట ఎండితే మరొకచోట పచ్చగా ఉన్న అడవికి జరిగి బతికాయి. కొన్ని మన సీమను శాశ్వతంగా విడిచిపోయాయి, కానీ జాతి మిగిలింది.

మూడవ సాక్ష్యం బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలోని జ్వాలాపురం. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022నుంచి నంద్యాల జిల్లా. అక్కడ నేలలో తెల్లని బూడిదపొర ఉంది. కొన్నిచోట్ల నిలువెత్తు మందం. అది మన బూడిద కాదు. సుమారు 74 వేల ఏళ్ళ కిందట, రెండున్నర వేల కిలోమీటర్లకు పైబడిన దూరంలో, సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఆకాశంనుంచి రాలింది. వాననీళ్ళు దాన్ని పల్లానికి చేర్చాయి. కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా తదితరులు అక్కడ తవ్వి 2007లో చెప్పినదేమంటే, బూడిదకు కిందా పైనా కూడా మనిషి చేసిన రాతి పనిముట్లు దొరికాయి, రెండూ దాదాపు ఒకే తీరు. లోకం అంతమైందా అనిపించే ఆ ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనిషి మిగిలాడన్నమాట. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తోబా మంచుయుగాన్ని తేలేదు. అప్పటికే హిమదశ మొదలై నలభై వేల ఏళ్ళు. అగ్నిపర్వతపు పొగ ఎండను కప్పి కొన్నేళ్ళు చలి తేగలదు, అంతే. కొన్నేళ్ళ కారణం వేరు, వేల ఏళ్ళ కారణం వేరు, కోట్ల ఏళ్ళ కారణం వేరు.

ఈ తేడా ఎందుకంత నొక్కి చెబుతున్నానంటే, ఇది మా ఇంటి ప్రశ్న కూడా. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఈ చక్రాల సంగతి చెబుతుంటే నాయన అంతా విని ఇట్లా అన్నాడు: "ఏమ్ రా, మంచు కాలమంట, వేడి కాలమంట, అన్నీ చక్రం మాదిరి తిరుగుతాయంటివి. అట్లయితే మన వానలు గూడా తిరిగొచ్చాయి గదా? బోరు ఇంగో రెండు నూర్ల అడుగులు దించాల్నా వద్దా, అది చెప్పు." పక్కనున్న జేజి ధాత కరువు మాట ఎత్తింది. 1876లో వచ్చిన ఆ కరువు ఆమె చూసింది కాదు, ఆమె జేజి నోట విన్నది. "అప్పుడూ పోయినాయి, మళ్ళా వచ్చినాయి" అంది.

నేను చెప్పగలిగింది ఇది. మిలాంకోవిచ్ చక్రాల్లో అతి చిన్నదానికే ఇరవై వేల ఏళ్ళు. మా ఇంటి జ్ఞాపకం నాలుగు తరాలు. ధాత కరువుకు కారణం గ్రహగతి కాదు. పసిఫిక్ సముద్రం అసాధారణంగా వేడెక్కిన ఎల్ నినో, దానిమీద పాలకుల నిర్లక్ష్యం. ఎల్ నినో రెండునుంచి ఏడేళ్ళకొకసారి వస్తుంది, వరుస తప్పి వస్తుంది. పోతే బోరు సంగతి వేరు. అందులో నీళ్ళు దిగిపోవడం ఏ చక్రమూ కాదు. పడినదానికంటే మనం ఎక్కువ తోడుకోవడం. "ఆకాశం తిరిగితే బోరు నిండదు నాయనా" అన్నాను. ఆ ఏడు నాయన బోరు దించలేదు. నా మాట విని కాదు, అప్పు పుట్టక. వేరుశనగ తగ్గించి కొర్ర, కంది వేశాడు.

కానీ నాయన ప్రశ్న ఒక్క మా ఇంటిదే కాదు. 'వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, మంచుయుగాలు వచ్చాయి పోయాయి, ఇప్పుడు వేడెక్కితే కొంపేం మునగదు' అనే మాట చదువుకున్నవాళ్ళ నోటే వింటున్నాం. మంచుయుగాల చరిత్ర తెలిసినవాడు ఆ మాట అనలేడు. చివరి హిమదశ శిఖరంనుంచి ఇప్పటి వెచ్చని కాలానికి భూమి సగటున ఐదారు డిగ్రీలు వేడెక్కడానికి సుమారు పదివేల ఏళ్ళు పట్టింది. ఇప్పుడు నూటయాభై ఏళ్ళలోనే ఒక డిగ్రీ దాటింది. 2024 సంవత్సరం ఒక్కటే చూస్తే పాతకాలపు సగటుకంటే సుమారు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ. 180నుంచి 280కి చేరడానికి బొగ్గుపులుసు వాయువుకు వేల ఏళ్ళు పట్టింది. 280నుంచి 420 దాటడానికి రెండు వందల ఏళ్ళు పట్టలేదు. ఇరుసు వంపు చూసినా, కక్ష్య చూసినా, ఇప్పుడు భూమి మెల్లగా చల్లబడవలసిన కాలం. లెక్క ప్రకారం చల్లబడవలసినది వేడెక్కుతోందంటే కారణం ఆకాశంలో లేదు, మన పొగగొట్టాల్లో ఉంది.

మరి వచ్చే హిమదశ ఎప్పుడు? మనిషి గాలిని మార్చకపోయి ఉంటే ఇంకో పదివేల ఏళ్ళకు వచ్చేదని 2025లో ఒక పరిశోధన లెక్క కట్టింది. యాభై వేల ఏళ్ళకని 2016లో మరొకటి. రెండింటిలో ఏది నిజమైనా, మన కాలంలో వచ్చేదీ కాదు, మన ఎండలను ఆర్పేదీ కాదు. దాన్ని నమ్ముకుని కూర్చోవడం, కూతురి పెళ్ళికి మునిమనవడి సంపాదన లెక్కవేసుకోవడం వంటిది.

బిల్లసర్గం జంతువులు బతికాయి గదా, మనమూ బతుకుతాం అనవచ్చు. నిజమే, మన పూర్వులు తోబా బూడిదలో కూడా బతికారు. అయితే వాళ్ళకు వేల ఏళ్ళ గడువుంది, నడిచిపోవడానికి దేశమంతా ఉంది. ఐదెకరాల మెట్ట నడవదు. మనిషి నడుస్తాడు, బెంగుళూరుకు నడిచాడు, హైదరాబాదుకు నడిచాడు. మా తరగతిలోనే సగంమంది ఇళ్ళలో ఎవరో ఒకరు అట్లా నడిచిపోయినవాళ్ళున్నారు. దాన్ని ప్రకృతి చక్రమని పేరు పెట్టి సరిపుచ్చుకోలేం.

చివరగా సాటి విద్యార్థులకూ, గురువులకూ, ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులకూ ఒక మనవి. ఏటా విహారయాత్రకు ఊటీ, కొడైకెనాలు పోతున్నాం. ఈసారి విజ్ఞాన విభాగాలవాళ్ళం వేంపల్లె రాళ్ళూ, బిల్లసర్గం గుహలూ, జ్వాలాపురం బూడిదా చూసివద్దాం. సీమలో రాతి గనులు ఏటేటా పెరుగుతున్నాయి. జ్వాలాపురం బూడిదను సైతం చాలాచోట్ల తవ్వి అమ్ముకున్నారు. 74 వేల ఏళ్ళు నిలిచిన పొర ఒక లారీలోకి ఎక్కడానికి గంట చాలు. అట్లా పోయిన పుట మళ్ళీ ఏ గ్రంథాలయంలోనూ దొరకదు. ఆ గుహల్లో చుక్కచుక్కగా పేరిన పాత వానల లెక్క చదవడం నేర్చుకుంటే, రాబోయే వానల సంగతి రైతుకు నమ్మకంగా చెప్పగలవాళ్ళు మన సీమ బిడ్డల్లోనుంచే రావచ్చు. క్రోల్ కాపలా పనిచేస్తూ చదివాడు. మనకు కళాశాల ఉంది, ప్రయోగశాల ఉంది, కూతవేటు దూరంలో గుట్టలున్నాయి. ఇక కావలసింది మనం లేచి బయల్దేరడమే.